ప్లాన్ ఫెయిల్, మనసు పాస్: ఓడిపోయే దొంగలంటే మనకెందుకంత ఇష్టం?

ముగ్గురు కుర్రాళ్లు. ఒక్క అద్దె గది. జేబులో రూపాయి లేదు. ముగ్గురిలోకీ తెలివి తక్కువ ఉన్నవాడికి ఒక 'అదిరిపోయే ఐడియా' వస్తుంది. మిగతా ఇద్దరూ "వద్దురా" అంటూనే వాడి వెనకాల నడుస్తారు. గంట తిరిగేసరికి చేతిలో డబ్బు ఉండదు గానీ, కాళ్ల దగ్గర ఒక శవం ఉంటుంది.

ఇది ఏ సినిమా అని అడిగితే టకటకా నాలుగైదు పేర్లు చెప్పేస్తారు మీరు. కథ ఇంచుమించు ఒకటే అని తెలిసినా మళ్లీ కొత్తది వస్తే చూస్తాం. చూసిందే ఓటీటీలో మళ్లీ పెట్టుకుంటాం. అందులోని ఫొటోలతో మీమ్స్ చేసి ఫ్రెండ్స్ గ్రూపులో పడేస్తాం. ఒక్క గుద్దుకి పదిమందిని గాల్లోకి లేపే హీరోలు మనకి బోలెడంత మంది ఉన్నారు కదా! మరి తలుపు గొళ్లెం కూడా సరిగ్గా తీయడం రాని ఈ సన్నాసులంటే ఇంత ప్రేమ ఎందుకు?

(ముందే చెప్పేస్తున్నా, కథ ఎలా మొదలవుతుందో చెబుతాను గానీ, క్లైమాక్సులు మాత్రం చెప్పను. తెలుగు సినిమాల వరకు ఈ మాట గ్యారంటీ.)

భార్యని కిడ్నాప్ చేస్తే భర్త పండగ చేసుకున్నాడు

మన దగ్గర ఈ తరహా సినిమా నిన్నగాక మొన్న పుట్టిందనుకుంటే పొరపాటే. 1993లో 'మనీ' వచ్చింది. రామ్ గోపాల్ వర్మ నిర్మాత. శివ నాగేశ్వరరావుకి దర్శకుడిగా అదే మొదటి సినిమా. జేడీ చక్రవర్తి, చిన్నా ఇద్దరూ పనీపాటా లేని కుర్రాళ్లు. డబ్బున్నవాడి భార్యని ఎత్తుకెళ్తే కష్టాలు తీరిపోతాయని లెక్కేసుకుంటారు. ఆ భార్య జయసుధ. భర్త పరేష్ రావల్. తీరా ఫోన్ చేసి బెదిరిస్తే అవతల భర్తగారు కంగారు పడడు సరికదా, లోపల్లోపల పండగ చేసుకుంటాడు. ఎందుకంటే ఆవిడ్ని వదిలించుకోవాలని అతనే ఎప్పట్నుంచో చూస్తున్నాడు.

అసలు ఐడియా 1986లో వచ్చిన 'రూత్‌లెస్ పీపుల్' అనే హాలీవుడ్ సినిమాది. కానీ ఇక్కడికొచ్చేసరికి అది అచ్చంగా మన ఊరి కథ అయిపోయింది. దానికి కారణం ఆ ఇద్దరు నిరుద్యోగులు, వాళ్లతో పాటు ఖాన్ దాదాగా బ్రహ్మానందం. ఖాన్ దాదా వృత్తి రౌడీయిజం, మనసంతా సినిమా హీరో అవ్వాలని. అంటే ఇక్కడ భయపెట్టాల్సినవాడు కూడా ఓ లూజరే. ఈ జానర్ మొదటి రూల్ అక్కడే పడిపోయింది: తెలివితక్కువతనం హీరోలకి మాత్రమే రిజర్వ్ కాదు, విలన్‌కీ వాటా ఉంటుంది.

ఆ తర్వాత 1997లో వర్మ తనే 'అనగనగా ఒక రోజు' తీశాడు. ఇంట్లోంచి పారిపోయిన ప్రేమజంట, పోలీసులు, రౌడీలు అందరూ ఒక క్యాసెట్ చుట్టూ పరుగెత్తే కథ. మధ్యలో మైఖేల్ జాక్సన్ అని పేరు పెట్టుకున్న చిల్లర దొంగగా మళ్లీ బ్రహ్మానందమే. పేరు ప్రపంచ స్థాయి, పని జేబులు కొట్టడం. ఆ తేడాలోనే కామెడీ అంతా ఉంది.

2003లో చంద్రశేఖర్ యేలేటి తీసిన 'ఐతే'ని పూర్తి కామెడీ అనలేం. కానీ ఈ కుటుంబంలో దానికీ చోటుంది. పెద్ద స్టార్ ఎవరూ లేరు. నలుగురు నిరుద్యోగ ఫ్రెండ్స్, ఒక మాఫియా డాన్, ఒక విమానం హైజాక్ ప్లాన్. జాతీయ అవార్డుల్లో ఆ ఏడాది ఉత్తమ తెలుగు చిత్రం అదే. డబ్బులు లేని కుర్రాళ్ల కథని తక్కువ డబ్బుల్లో తీసినా జనం చూస్తారని ఒక తరం దర్శకులకి ధైర్యం ఇచ్చిన సినిమా అది.

అసలు విలన్ పేరు నెలాఖరు

2019 డిసెంబర్ 25న వచ్చిన 'మత్తు వదలరా' గుర్తు తెచ్చుకోండి. రితేష్ రానాకి మొదటి సినిమా. శ్రీసింహా ఒక డెలివరీ బాయ్. పొద్దుట్నుంచి రాత్రి దాకా బరువులు మోస్తాడు, మెట్లెక్కుతాడు, నెల తిరిగేసరికి చేతికొచ్చేది చూస్తే ఏడుపొస్తుంది. అప్పుడు రూమ్మేట్ సత్య ఓ 'టెక్నిక్' నేర్పుతాడు. కస్టమర్ ఇచ్చిన డబ్బులు లెక్కపెడుతూ ఒక 500 నోటు మాయం చేసెయ్, ఒక నోటు తక్కువుందని చెప్పు, అంతే.

గమనించండి. బ్యాంకు దోపిడీ కాదు, వజ్రాలు కాదు. ఒక్క 500 నోటు. దానికోసం ఒక ముసలావిడతో మొదలైన గొడవ ఎక్కడెక్కడికో వెళ్లిపోతుంది. మనం సీటు అంచున కూర్చుని చూస్తాం. ఎందుకంటే ఆ 500 విలువ మనకి తెలుసు. పెద్ద సినిమాలో విలన్ "వెయ్యి కోట్లు" అంటే మనకేమీ అనిపించదు, అదొక నంబర్ అంతే. 500 అంటే మాత్రం కడుపులో తెలుస్తుంది. నెలాఖరు రోజుల్లో ఫోన్‌పేలో బ్యాలెన్స్ చూసుకునే ప్రతివాడికీ తెలుస్తుంది.

'బ్రోచేవారెవరురా' కూడా 2019దే. వివేక్ ఆత్రేయ దర్శకుడు. చదువు తప్ప అన్నీ వచ్చిన ముగ్గురు ఇంటర్ కుర్రాళ్లు, అదే కాలేజీ ప్రిన్సిపాల్ కూతురు మిత్ర. ఆ అమ్మాయికి డాన్స్ ఇష్టం, నాన్నకి మార్కులు ఇష్టం. ఇంట్లోంచి బయటపడాలంటే డబ్బు కావాలి. అందుకని తనని తనే కిడ్నాప్ చేయించుకుంటుంది. చట్టప్రకారం అది నేరమే. కానీ లోపల ఉన్నది మన ఇళ్లలో ప్రతి ఏడూ రిజల్ట్స్ రోజున జరిగే గొడవే.

'జాతిరత్నాలు' (2021) చూడండి. అనుదీప్ తీసిన ఈ సినిమాలో ముగ్గురూ జోగిపేట నుంచి హైదరాబాద్ వస్తారు. నవీన్ పొలిశెట్టి పాత్రకి ఊళ్లో నాన్న లేడీస్ ఎంపోరియం ఉంది. కానీ అందులో కూర్చోవడం నామోషీ. సిటీకెళ్లి ఉద్యోగం కొట్టి, ఊళ్లో తలెత్తుకుని తిరగాలి. చివరికి తలెత్తుకోవడం అటుంచి, ఎమ్మెల్యే మీద హత్యాయత్నం కేసులో ఇరుక్కుంటారు. వాళ్లని ఇంట్లోంచి కదిలించింది డబ్బాశ కూడా కాదు, "మావోడు సిటీల జాబ్ జేస్తుండు" అని ఊళ్లో అనిపించుకోవాలనే చిన్న ఆశ.

ఈ సినిమాల్లో నేరం ఒక సాకు మాత్రమే. అసలు కథ జీతం, అద్దె, పరీక్ష, ఇంట్లోవాళ్లకి చెప్పలేని అబద్ధం. మనం ఎవరినీ కిడ్నాప్ చేయం. కానీ "ఒక్కసారి డబ్బు చేతికొస్తే చాలు, తర్వాత మంచిగా బతికేస్తా" అన్న ఆలోచన ఎప్పుడూ రానివాడు ఉంటాడా? వాళ్లు ఆ ఆలోచన పట్టుకుని బయల్దేరతారు, మనం దుప్పటి కప్పుకుని పడుకుంటాం. తేడా అంతే!

ఇటలీ నుంచి చెన్నై దాకా అదే బ్యాచ్

ఇది మన ఒక్కరి పిచ్చి కాదు. 1958లో మారియో మోనిచెల్లి అనే ఇటలీ దర్శకుడు ఒక సినిమా తీశాడు. ఇంగ్లిష్‌లో 'బిగ్ డీల్ ఆన్ మడోన్నా స్ట్రీట్' అంటారు. అప్పట్లో దొంగతనాల్ని మహా సీరియస్‌గా, సైంటిఫిక్‌గా చూపించే సినిమాలు హిట్లు. మోనిచెల్లి దాన్ని తిరగేశాడు. ఆయన దొంగలు చాలా కష్టపడి రాత్రంతా గోడ పగలగొడతారు. తీరా చూస్తే అది వేరే గోడ, అవతల ఉన్నది అదే ఇంటి వంటగది. ఇంకేం చేస్తారు? అక్కడున్న తిండి తినేసి ఇంటిదారి పడతారు. అరవై ఏళ్లు దాటిన సినిమా ఇది. ఆ గోడ సీన్‌కి ఇప్పటికీ నవ్వొస్తుంది.

1996లో కోయెన్ బ్రదర్స్ తీసిన 'ఫార్గో'లో ఒక కార్ల సేల్స్‌మన్ అప్పుల్లో మునిగి, మామగారి డబ్బు కోసం సొంత భార్యనే కిడ్నాప్ చేయిస్తాడు. 'మనీ'లో కిడ్నాప్ జరిగాక భర్త సంతోషిస్తాడు, ఇక్కడ భర్తే కిడ్నాప్‌కి మనుషుల్ని పెడతాడు. నవ్వుతూనే ఉంటాం, కానీ ఒక్కో శవం పడుతుంటే ఆ నవ్వు గొంతులో ఆగిపోతుంది. బెస్ట్ యాక్ట్రెస్, ఒరిజినల్ స్క్రీన్‌ప్లే రెండు ఆస్కార్లు వచ్చాయి దానికి.

పక్కనే చెన్నైలో 2013లో నలన్ కుమారసామి 'సూదు కవ్వుమ్' తీశాడు. విజయ్ సేతుపతి ఒక మర్యాదస్తుడైన కిడ్నాపర్. అతనికి రూల్స్ ఉన్నాయి. అధికారంలో ఉన్నవాళ్ల జోలికి పోకూడదు, కట్టగలిగినంతే అడగాలి లాంటివి. అతని గ్యాంగులో ఒకడు నయనతారకి గుడి కట్టి ఊళ్లోంచి తరిమేయించుకున్నవాడు. ఇక ఆ రూల్స్ ఎన్నాళ్లు నిలబడతాయో మీరే ఊహించుకోండి.

ఊరు ఏదైనా, భాష ఏదైనా, ఒక్కటి మాత్రం మారదు. సీరియస్ క్రైమ్ సినిమాలో గ్యాంగ్ వాటాల దగ్గర విడిపోతుంది. మన లూజర్ల గ్యాంగ్ సాధారణంగా విడిపోదు, ఎందుకంటే పంచుకోవడానికి ఏమీ మిగలదు. తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, "నీవల్లే రా ఇదంతా" అంటారు. తెల్లారేసరికి మళ్లీ ముగ్గురూ అదే టీ కొట్టు దగ్గర. ఆ ఫ్రెండ్‌షిప్ చూడటానికే సగం మంది వెళ్తారంటే నేను నమ్ముతాను.

బడ్జెట్ తక్కువ, దడ ఎక్కువ

బడ్జెట్ తక్కువవ్వడం ఇక్కడ లోటు కాదు, అదే బలం. ఎలాగంటారా?

ఒకటి, లొకేషన్. సెట్ వేసే డబ్బు లేకపోతే నిజమైన అపార్ట్‌మెంట్‌లోనే తీయాలి. 'మత్తు వదలరా'లో సగం టెన్షన్ ఆ కారిడార్లు, లిఫ్టు, ఎదురింటి తలుపుల్లోనే ఉంది. మనం ఉండే అపార్ట్‌మెంట్ కూడా అలాగే ఉంటుంది మరి. 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' నెల్లూరులో నడుస్తుంది. హీరో ఆఫీసు పేరు ఎఫ్‌బీఐ, అంటే ఫాతిమా బ్యూరో ఆఫ్ ఇన్వెస్టిగేషన్. అమెరికా రేంజ్ పేరు, నెల్లూరు సందులో బోర్డు.

రెండు, నటులు. పెద్ద హీరో ఉంటే వాడికేం కాదని ముందే తెలిసిపోతుంది. వాడి మీద తుపాకీ పెట్టినా మనం పాప్‌కార్న్ తింటూనే ఉంటాం. కొత్త కుర్రాడైతే ఆ గ్యారంటీ లేదు. నిజంగానే జైలుకి పోవచ్చు, నిజంగానే చచ్చిపోవచ్చు. అందుకే నవ్వుతో పాటు దడ కూడా ఉంటుంది.

మూడు, రాత. కార్లు పేల్చడానికి డబ్బు లేనప్పుడు మిగిలేది డైలాగు, టైమింగ్, ఒకదానికొకటి ముడిపడే సంఘటనలు. మొదటి పది నిమిషాల్లో ఊరికే పడి ఉన్న వస్తువు ఆఖరి పది నిమిషాల్లో మెడకి చుట్టుకుంటుంది. 2013లో సుధీర్ వర్మ తీసిన 'స్వామి రారా'లో ఒక చిన్న వినాయకుడి విగ్రహం చేతులు మారుతూ మొత్తం సినిమాని నడిపిస్తుంది. దాని విలువ తెలిసినవాడి దగ్గర అది ఉండదు, దగ్గరున్నవాడికి దాని విలువ తెలీదు. ఇంతే స్క్రీన్‌ప్లే. రాసి చూస్తే తెలుస్తుంది అదెంత కష్టమో.

నవ్వు ఎవరి మీద?

ఇంతవరకూ అంతా పొగడ్తే. ఇప్పుడు కాస్త ఇబ్బందిగా ఉండే ప్రశ్న. పేదోడి తిప్పలు చూసి నవ్వుతున్నామా, వాడితో కలిసి నవ్వుతున్నామా?

రెండింటికీ మధ్య గీత చాలా సన్నగా ఉంటుంది. యాస మాట్లాడగానే, ఇంగ్లిష్ తప్పు రాగానే, చిరిగిన బనీను కనిపించగానే నవ్వించేస్తే అది సులువైన కామెడీ. అలాంటిది థియేటర్లో పేలుతుంది, ఇంటికొచ్చాక గుర్తుండదు. మంచి లూజర్ సినిమా ఇంకో పని చేస్తుంది. పాత్రని మనకంటే తక్కువ చేసి చూపించదు. వాడి స్థానంలో మనముంటే మనమూ అదే తప్పు చేసేవాళ్లం అనిపిస్తుంది.

'ఏజెంట్ సాయి' ఇందుకు మంచి ఉదాహరణ. మొదట్లో డిటెక్టివ్ వేషాలు, టోపీలు చూసి నవ్వుతాం. ఆ తర్వాత రైలు పట్టాల పక్కన దొరికే అనాథ శవాల మిస్టరీ మొదలవుతుంది. అతను ఆ కేసుని ఎందుకు వదల్లేకపోతున్నాడో తెలిసేసరికి, తల్లి గురించిన బాధ అంతా బయటికొచ్చేసరికి, ఇందాకటి వేషాలు వేరేలా కనిపిస్తాయి. కామెడీ ఎక్కడికీ పోలేదు. దాని అడుగున ఏముందో మాత్రం తెలిసింది.

2023లో వచ్చిన తరుణ్ భాస్కర్ 'కీడా కోలా' ఇంకో దారి పట్టింది. కూల్‌డ్రింక్ సీసాలో బొద్దింక. కంపెనీని బెదిరించి కోట్లు గుంజాలని మనవడు, తాత, లాయర్ ఫ్రెండ్. తాత బ్రహ్మానందం వీల్‌చెయిర్లో ఉంటాడు. మనవడికి టూరెట్ సిండ్రోమ్, మాట మధ్యలో ఆగిపోతుంది, ఒళ్లు తన మాట వినదు. ఇలాంటి పాత్ర ఉంటే కత్తి మీద సామే. ఆ సినిమా కొన్నిచోట్ల గీతకి ఇవతల ఉంది, కొన్నిచోట్ల జారినట్టే అనిపిస్తుంది. మీకెలా అనిపించిందో మళ్లీ ఓసారి చూసి చెప్పండి.

ఇంకో గీత కూడా ఉంది. మోసపోయినవాళ్ల సంగతేంటి? 500 పోగొట్టుకున్న మనిషికి కూడా నెలాఖరు ఉంటుంది కదా! 'మత్తు వదలరా'లో నాకు నచ్చింది అదే. మోసం టెక్నిక్ చెప్పినప్పుడు హాలంతా నవ్వుతుంది. మోసపోయే మనిషి ముఖం ఎదురుగా కనిపించినప్పుడు నవ్వు ఆగుతుంది. చిన్న తప్పుకి కూడా బిల్లు ఎవరో ఒకరు కట్టాలి. ఆ బిల్లు చూపించని సినిమా ఎంత నవ్వించినా సగం అబద్ధమే చెప్పినట్టు.

లూజర్ గెలవడం మొదలుపెడితే...

ఈ జానర్‌కి ఉన్న అసలు ప్రమాదం ఫ్లాపులు కాదు, హిట్లు.

'సూదు కవ్వుమ్'ని తెలుగులో 2015లో 'గడ్డం గ్యాంగ్'గా తీశారు. హీరో రాజశేఖర్. 'అంకుశం' నుంచి ఆవేశపడే పోలీసుగా మన మనసుల్లో ముద్ర పడిపోయిన మనిషి. చిల్లర కిడ్నాపర్‌గా కనిపిస్తే జనం కనెక్ట్ కాలేకపోయారు. ఆయన నటన తప్పని కాదు. మనం ఆయన్ని ఓడిపోయేవాడిగా ఎప్పుడూ చూడలేదు, అదీ సమస్య. లూజర్ వేషం ఎవరైనా వేయొచ్చు. కానీ వీడు నిజంగా ఓడిపోతాడేమో అన్న భయం పుట్టకపోతే ఆ వేషం ఒంటికి అతకదు.

సీక్వెల్స్‌ది కూడా ఇదే చిక్కు. 2024 సెప్టెంబర్లో 'మత్తు వదలరా 2' వచ్చింది. శ్రీసింహా, సత్య జోడీ మళ్లీ నవ్వించింది, ముఖ్యంగా సత్య. కానీ డెలివరీ బాయ్స్ ఇప్పుడు ఏజెంట్లు, గొడవ స్థాయి పెరిగింది, చేతులు మారే డబ్బూ పెరిగింది. నవ్వు తగ్గలేదు. 500 నోటు దగ్గర పుట్టిన ఆ దడ మాత్రం మొదటి భాగంలోనే ఉండిపోయింది.

హిట్ అయిన ప్రతిదానికీ ఇదే జరుగుతుంది. బడ్జెట్ పెరుగుతుంది, హీరోకి ఇంట్రో సాంగ్ వస్తుంది, గదిలో ముగ్గురున్నా ఒక్కడికే క్లోజప్‌లు పడతాయి. చివరికి లూజర్ అని పోస్టర్ మీద రాసి ఉంటుంది, లోపల మామూలు హీరోనే. అప్పుడు మనం పోగొట్టుకునేది ఒక జానర్‌ని మాత్రమే కాదు. తెరమీద ఓడిపోయినా పరువు పోని మనుషులు మనకి చాలా తక్కువమంది ఉన్నారు. ర్యాంకు రాకపోతే, జాబ్ రాకపోతే, వీసా రాకపోతే జీవితం అయిపోయినట్టే మాట్లాడే చోట, "ప్లాన్ పోయిందిరా, పద టీ తాగుదాం" అనే ముగ్గురు సన్నాసులు కనిపించడం చిన్న విషయం కాదు.

కాబట్టి ఈ శని, ఆదివారాలు ఖాళీగా ఉంటే ఒక పని చేయండి. రూమ్మేట్స్‌ని కూర్చోబెట్టి ముందు 'మనీ', వెంటనే 'మత్తు వదలరా' మొదటి భాగం చూడండి. రెండింటికీ మధ్య ఇరవై ఆరేళ్లు. ఫోన్లు మారాయి, ఉద్యోగాల పేర్లు మారాయి, జేబు మాత్రం అలాగే ఖాళీగా ఉంది. చూస్తున్నంతసేపూ పక్కన కూర్చున్నవాళ్లలో ఆ 'అదిరిపోయే ఐడియా' ఇచ్చేవాడు ఎవడో కనిపెట్టండి. ఎవడూ కనిపించకపోతే కాస్త ఆలోచించండి, అది మీరే అయ్యుండొచ్చు!